ఏడు వరసల గోడ

మేస్త్రి ఇరవై ఏళ్లుగా పరాయివాళ్లకు గోడలు కట్టాడు. సొంత అక్కకు ఇల్లు కట్టే రోజు వచ్చేసరికి, పని మొదలుపెట్టకముందే అతనికి మనసు విరిగింది.

కారణం బావ. బావ బడి బస్సు నడుపుతాడు. సెలవుల్లో ఖాళీగా కూర్చోలేక, అచ్చు పోసే మిషను ఒకటి అరువు తెచ్చుకుని స్థలంలోనే ఆరు వందల సిమెంటు బ్లాకులు పోశాడు. వాటిని ఎర్రటి ఎండలో బారులు తీర్చి, దారినపోయే వాళ్లను కూడా పిలిచి చూపించాడు.

మేస్త్రి ఒక బ్లాకు చేతిలోకి తీసుకుని అంచును గోటితో గీకాడు. ఇసుక జలజలా రాలింది.

"పోసి ఎన్నాళ్లయింది బావా?"

"రేపటికి వారం."

"నీళ్లు కొట్టావా?"

"మొదటి రోజు కొట్టాను. తర్వాత ఎండే చూసుకుంది. ముట్టుకో, రాయిలా లేవూ?"

"ఆరినంత మాత్రాన గట్టిపడ్డట్టు కాదు బావా. గోనెలు కప్పి రెండు వారాలు తడపాలి. ఆ తర్వాత నీడన ఆరనివ్వాలి. ఇప్పుడే కడితే గోడలో ఉండి ముడుచుకుంటాయి. బీటలిస్తాయి."

"ఎవరేం చేసినా వంక పెట్టందే నీకు ముద్ద దిగదు," అన్నాడు బావ. "ఇంటాయన నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఈ బ్లాకులు జలకాలాడేదాకా మేము రోడ్డు మీద కూర్చోవాలా?"

మేస్త్రి అక్క వైపు చూశాడు. ఆమె నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంటూ, "సామానంతా మూటలు కట్టేశానురా," అంది. అతను తాపీ అందుకున్నాడు.

తాపీతో సిమెంటు మాలు పరిచి బ్లాకు పెట్టి సర్దేలోపే, మాలులో నీళ్లన్నీ బ్లాకు పీల్చేసేది. దాన్ని అటూ ఇటూ జరపడానికి సందుండేది కాదు. పెట్టినదాన్ని పీకి, మళ్లీ పరిచి, మళ్లీ పెట్టేవాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా పళ్లు నూరుకుంటూనే పనిచేశాడు. మూడు రోజులకు ముందు గోడ ఏడు వరసలు లేచింది. తూకం గుండు వేసి చూస్తే నూలుపోగంత తేడా లేదు. బావ దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు.

ఐదో రోజు పొద్దున కిటికీ మూల నుంచి బీట బయల్దేరింది. మెట్లు దిగినట్టు అతుకుల వెంటే దిగి పునాది దాకా వచ్చింది. మధ్యాహ్నానికి రెండో మూల నుంచీ మొదలైంది.

"మాలులో సిమెంటు తక్కువ కలిపావు," అన్నాడు బావ.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. "ముందే చెప్పాను కదా బావా."

"చెప్పడానికేముంది, అందరూ చెప్తారు. కట్టింది నువ్వు."

అక్క బీటలో వేలు పెట్టి చూసింది. వేలు సగం దూరింది. "నిజంగా ముందే తెలుసా నీకు?" అని తమ్ముణ్ణి అడిగింది.

"తెలుసు."

"తెలిసీ ఎందుకు కట్టావురా?"

నీ మొహం చూసి కాదనలేకపోయానని అక్కతో ఎలా అంటాడు? గునపం తీసుకుని పైవరస నుంచి విప్పడం మొదలుపెట్టాడు. బావ అడ్డొచ్చాడు, అరిచాడు, చివరికి బస్సు షెడ్డుకి వెళ్లిపోయాడు. సగం బ్లాకులు చేతిలోనే రెండు ముక్కలయ్యాయి. వాటినీ, మిగిలినవాటినీ నేల కింద నింపుడుకి పడేశారు.

నెలాఖరుకి అక్కావాళ్లు మూటలతో సహా మేస్త్రి రెండు గదుల ఇంట్లో దిగారు. దాదాపు రెండు నెలలు బావా బావమరుదులు ఒకే వంటింట్లో తింటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "మీ తమ్ముణ్ణి తువ్వాలు ఇవ్వమను," అని బావ, "నీ మొగుణ్ణి కాస్త జరగమను," అని మేస్త్రి. మధ్యలో ఆ మాటలు అందించలేక అక్క నోరు నొప్పెట్టింది. మేస్త్రి దగ్గరుండి కొత్త బ్లాకులు పోయించాడు. ఎవరూ చెప్పకుండానే బావ రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ వాటికి నీళ్లు కొట్టేవాడు. ఆ సంగతి అక్క చెప్పినా మేస్త్రి విననట్టే ఊరుకున్నాడు.

బ్లాకులు తడిసి, ఆరి, గోడ రెండోసారి లేచింది. పది రోజులైనా వెంట్రుకంత బీట లేదు. మేస్త్రి పరంజా ఎక్కి పై వరస కడుతుండగా, పక్కింటాయన వచ్చి బావతో కింద మాట్లాడటం వినిపించింది.

"గోడ భలే కుదిరిందండీ ఈసారి."

"మా బావమరిది మంచి పనివాడే, కాకపోతే తొందరెక్కువ," అన్నాడు బావ. "నేనే పని ఆపించి, బ్లాకులు తడిపించి, నిదానంగా కట్టించాను."

మేస్త్రి తాపీ గోడ మీద పెట్టాడు. కిందికి వంగి నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క రెండు చేతులూ జోడించి అతని వైపే చూస్తోంది.

"మాలు అందించు బావా, ఆరిపోతోంది," అన్నాడు మేస్త్రి.