చేపలు పెంచేవారికి గమనిక

మా ఆయనకి నీళ్ళంటే ఎంత నమ్మకమంటే, ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు నీళ్ళని వెనకేసుకొస్తారు. ఊరికి నీళ్ళు సరఫరా చేసే ఆఫీసు ల్యాబులో ఉద్యోగం ఆయనది. ఇరవై రెండేళ్ళుగా సీసాల్లో నీళ్ళు పట్టి, చుక్కలేసి, రంగు చూసి, రిజిస్టర్లో సంతకం పెడుతున్నారు. అందుకే, నా చేపకి ఒంట్లో బాగాలేదు, నాకు నీళ్ళ మీదే అనుమానంగా ఉంది అని నేనన్న రోజున, ఆయన, తన తోబుట్టువుల్ని నేను తిట్టినట్టు, మొహం మాడ్చుకున్నారు.

చేపని బుంగమూతి అంటాను. అరచేయంత గోల్డ్‌ఫిష్, నారింజ రంగు. వచ్చి తొమ్మిదేళ్ళయింది. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, నా మిషనుకి ఎదురుగా దాని తొట్టి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తలెత్తితే కనబడే మొహం అదొక్కటే. ఆయన డ్యూటీలో ఉంటారు. బట్టలిచ్చేవాళ్ళు వచ్చి, నడుం దగ్గర బిగిసిందనో చెయ్యి పొట్టైందనో సణిగి వెళ్ళిపోతారు, తామే లావయ్యామని ఒక్కరూ ఒప్పుకోరు. బుంగమూతి మాత్రం నేను మిషను తొక్కడం మొదలెట్టగానే గాజు దగ్గరికొచ్చి నిలబడుతుంది. అదంటే నాకు ప్రాణం. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మూడు వారాల కిందట అది నీటి పైకొచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ గాలి కోసం గుటకలు వేయడం మొదలుపెట్టింది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. ఒంటిమీద తెల్లటి జిగురు. ఫోటో తీసి పట్టుకెళ్ళి చేపల కొట్టతనికి చూపించాను.

"ఫంగస్ అక్కా," అన్నాడు, ఫోటో పూర్తిగా చూడకుండానే. నీలం మందిచ్చాడు.

నీలం మందేస్తే తొట్టి సిరాబుడ్డి అయింది. చేప ఇంకా నీరసపడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మళ్ళీ వెళ్తే, "అయితే ఉప్పెయ్యండక్కా" అన్నాడు. ఉప్పేశాను. ఇంకోసారి వెళ్తే, "నీళ్ళు మార్చండక్కా, శుభ్రమైన నీళ్ళకి మించిన మందు లేదు" అన్నాడు. ఈ మాటేదో మొదటే చెప్పొచ్చుగా!

మార్చాను. మామూలుగా ఆదివారం ఆదివారం మార్చేదాన్ని రోజు విడిచి రోజు మార్చాను. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి ఒక రోజంతా నిలవుంచి మరీ పోశాను, తొమ్మిదేళ్ళుగా చేస్తున్నట్టే. అయినా మార్చిన గంటలోపే అది పైకొచ్చి ఎగపోసుకునేది. కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీన తారీఖులేశాను. నీళ్ళు మార్చిన రోజు ఒక గీత, చేప బాగా బాధపడిన రోజు ఒక గీత. పది రోజులు చూసేసరికి గీతలన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి. పైగా కొట్టతని చేపలు హుషారుగా ఉన్నాయి. అతనివి బోరు నీళ్ళు.

ఆ పేజీ మా ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకోకుండానే చదివేశారు.

"ఊరంతా తాగుతోంది ఆ నీళ్ళు. పసిపిల్లలు తాగుతున్నారు. నీ చేపకే వచ్చిందా?"

"అదే నేనూ అడుగుతున్నాను. దానికే ఎందుకొచ్చింది?"

"ఒక రోజు నిలవుంచుతున్నావుగా? క్లోరిన్ ఎగిరిపోతుంది. ఇంక నీళ్ళలో ఏం లేదు."

"ఏం లేకపోతే ఇదెందుకిలా కొట్టుకుంటోంది?"

"ముసలిదైంది," అన్నారు.

మర్నాడు పరీక్ష రిపోర్టు ప్రింటు తీయించి తెచ్చి, నా కత్తెర కింద పెట్టారు. పద్దెనిమిది అంశాలు, పద్దెనిమిదీ సరిగ్గా ఉన్నాయట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా ఇంట్లో ఆ చెట్టుని నేను. కళ్ళెదురుగా చూసి రాసుకున్నది చెప్తే వినరు, సంతకం ఉన్న కాగితమైతే వింటారు. ఆ వారమంతా మేం అన్నానికి రండి, కరెంటు పోయింది అన్న మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

చివరికి నిన్న పొద్దున ఆయనే తొట్టి దగ్గర నిలబడి, "నువ్వు కొంచెం కొంచెం మారుస్తున్నావు, అందుకే గుణం కనిపించట్లేదు. ఒక్కసారి సగం మార్చి చూడు" అన్నారు. పోనీ, ఇన్నాళ్ళకి చేప గురించి తనంతట తాను ఒక మాటన్నారు కదా అనిపించింది. నా పుస్తకం, నా గీతలు, అన్నీ పక్కనపెట్టి ఆయన మాట విన్నాను. సగం తొట్టి మార్చాను.

అరగంటలో బుంగమూతి పక్కకి ఒరిగిపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. తొట్టిలో నీళ్ళతోనే చేపని బకెట్లోకి తీసి, మూతపెట్టి, ఆటోలో ఆయన ఆఫీసుకి వెళ్ళాను. దారి పొడుగునా బకెట్టుని ఒళ్ళో పట్టుకున్నాను. చీర మోకాళ్ళ దాకా తడిసింది. ఫిర్యాదుల కిటికీ దగ్గర ఒకాయన కాగితం ఇచ్చాడు. నీళ్ళలో లోపం రంగా, వాసనా, రుచా, టిక్కు పెట్టమన్నాడు.

"చేప చచ్చిపోతోంది," అన్నాను.

"దానికి గడి లేదమ్మా," అన్నాడు.

ఈ గొడవ విని లోపలినుంచి కెమిస్టు మేడం వచ్చింది. మా ఆయనకి పై అధికారి. బకెట్టు మూత తీసి చూసింది. అంతే, నన్నేం అడగకుండానే, "అయ్యో, మీరు చుక్కల మందు వేయట్లేదా?" అంది.

"ఏం చుక్కలు?"

"నెల కావస్తోంది కదండీ, క్లోరిన్‌తో పాటు అమ్మోనియా కూడా కలుపుతున్నాం. దూరం వీధుల దాకా మందు పనిచెయ్యాలని. ఇది నిలవుంచితే ఎగిరిపోయేది కాదు. మనుషులకేం కాదు. చేపలకి మాత్రం విషమే, మొప్పలు కాలిపోతాయి. కొట్లో దీనికి విరుగుడు చుక్కలు దొరుకుతాయి. నోటీసు పెట్టాం, చూడలేదా?"

గోడకేసి చూపించింది. తెల్ల కాగితం మీద చేత్తో రాసి ఉంది: చేపలు పెంచేవారికి గమనిక. కింద నాలుగు లైన్లు. ఆ అక్షరాలు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా సరుకుల చీటీల మీద చూస్తున్నాను.

అప్పటికే మా ఆయన వచ్చి మేడం వెనక నిలబడి ఉన్నారు.

"మీరే రాశారా ఇది?" అన్నాను.

"పైనుంచి సర్క్యులర్ వచ్చింది. అందులోది చూసి రాశాను."

"ఇంట్లో చేప ఉందిగా?"

ఆయన నోరు తెరిచి, మూశారు. "చేపలు పెంచేవారంటే... ఎవరో అనుకున్నాను," అన్నారు.

అబద్ధం కాదది. అదే నాకు తిక్కరేపింది. అబద్ధమైతే పోట్లాడేదాన్ని. తొమ్మిదేళ్ళు ఒకే గదిలో అన్నం తిన్నాం, ఆయన, నేను, ఆ తొట్టి. చేపలు పెంచేవారు అని తన చేత్తో రాస్తున్నప్పుడు మేమిద్దరం ఆయనకి తట్టలేదు. నా మాటే నెగ్గింది, నిజమే. నెగ్గి ఏం చేసుకోను? మూడు వారాలుగా బకెట్టు తర్వాత బకెట్టు దానికి విషం పోసింది ఈ చేతులే.

ఆయన అక్కడినుంచే కొట్టుకి పరిగెత్తి చుక్కల సీసా తెచ్చారు. ఇంటికొచ్చి వేశాం. సాయంత్రానికి చేప నిటారుగా నిలబడింది గానీ, కిందికి దిగలేదు. మొప్పలు మానాలంటే టైం పడుతుంది, చుక్కలేసిన నీళ్ళు కొద్దికొద్దిగా మారుస్తూ ఉండండి, రెండు రోజులు దాటితే గండం గడిచినట్టే అని చెప్పి పంపింది మేడం.

ఇవాళ ఆయన సెలవు పెట్టారు. జ్వరం వచ్చినా సెలవు పెట్టని మనిషి. నేనొక ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు కొలత సరిచూసి రావాలి, తప్పదు. చుక్కలు ఎన్ని వెయ్యాలో సీసా మీద ఉందని చెప్పాను. "చదివాను," అన్నారు. నేను వెళ్ళేటప్పుడు, చెంచాతో మందు కొలిచేవాడిలా, సీసాని వెలుతురుకి పట్టి చూస్తున్నారు.

మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చాను. గదంతా తడి. తొట్టిలో నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నేలమీద కూర్చున్నారు. పక్కన ల్యాబు నుంచి తెచ్చిన పరీక్ష సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ రంగు మారలేదు.

"ఇప్పుడు క్లోరిన్ పిసరంత కూడా లేదు," అన్నారు, నావైపు చూడకుండా.

తొట్టిలో బుంగమూతి లేదు. కిటికీ గట్టుమీద, నా లైనింగు గుడ్డ ముక్క ఒకటి తడిగా మడిచి ఉంది.

మూడు వారాలుగా కూడబెట్టుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన చొక్కా భుజాల దాకా తడిసి ఉంది.

"ఎప్పుడు పోయింది?" అన్నాను.

"రెండో బకెట్టు పోస్తుండగా."

నేలమీద నీళ్ళు నా పాదాల చుట్టూ చేరాయి.

"మొత్తం ఎన్ని పోశారు?"

ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకున్నారు. రెండు చేతులూ చాల్లేదు.

"పదకొండు," అన్నారు.