పొగ పోయింది, పొగడ్త మిగిలింది

“మా షెడ్డు కూడా పో...” అని ఫోన్లో భోరుమన్నాడు పెద్దబావ. ఆ వెక్కిళ్ల మధ్య నా చెవికి మాత్రం “మా షడ్డకుడు పో...” అని వినపడింది. పెద్దబావ షడ్డకుడంటే మా చిన్నక్క మొగుడు! ఆఫీసులో సెలవు చెప్పి, దారిలో పూలగుత్తి కొని, ఓదారుద్దామని చిన్నక్క ఇంటికి ఫోన్ చేశాను. చచ్చిపోయినాయనే ఎత్తాడు.

“గొంతలా ఉందేంట్రా, ఎవరు పోయారు?”

“నువ్వే బావా!”

ఆయన తిట్లు విన్నాక ప్రాణం ఆయనదే కాదు, నాదీ కుదుటపడింది. సరే, మరి పెద్దబావ ఏడుపెందుకో చూద్దామని అటు నడిచాను.

ముందు గదిలో ఏడుగురు కూర్చుని ఏడుస్తున్నారు. ఎప్పుడో మూతపడ్డ సరుకు రైళ్ల కంపెనీ ఇంజన్ షెడ్డును ఆ పొద్దున కూల్చేశారట. ఇంజన్లు తుక్కుకింద పోయాయి, పట్టాలు పీకేశారు, ఇప్పుడు షెడ్డు కూడా! నా చేతిలో పూలగుత్తి చూడగానే మందుల షాపాయన లాక్కుని గోడమీది ఇంజన్ ఫొటో ముందు పెట్టాడు.

వీళ్లది ‘సరుకు బండ్ల స్మృతి సంఘం’. అధ్యక్షుడు మా పెద్దబావ. ఇన్సూరెన్స్ గుమాస్తాగా పనిచేసి రిటైరైన బావకు రైలుతో ఉన్న అనుబంధమల్లా, గేటు పడినప్పుడల్లా ఆఫీసుకి ఆలస్యం కావడమే. మిగతావాళ్లలోనూ ఇంజనెక్కిన మొహం ఒక్కటీ లేదు. ఆరేసిన బట్టలమీద మసి పడుతోందని ఆ బండి నడిచినన్నాళ్లూ దాన్ని దుమ్మెత్తిపోసింది వీళ్లే. గేటు దగ్గర నిలబడి బూతులు లంకించుకున్న మందుల షాపాయనే ఇప్పుడు అదే ఇంజన్ని ‘రాజావారు’ అంటాడు. పొగ పోయింది, పొగడ్త మిగిలింది. తమలో సరుకు లేనివాళ్లకి సరుకు బండే దిక్కు మరి!

గదినిండా లాంతర్లు, జెండాలు, నంబరు పలకలు, స్లీపరు దుంగకి బిగించిన రెండు పట్టా ముక్కలు. ఇంటి పట్టా పెద్దక్క పేరున ఉంది. గదిలో పట్టాలు బావవి. ఇన్నేళ్లూ పట్టాలదే గెలుపు.

అక్క పక్క నడవలో ఇరుక్కుని కాన్వాసు సంచులు కుడుతుంది. నన్ను చూడగానే పట్టుకుంది.

“తమ్ముడూ, నువ్వైనా చెప్పరా. రేపు సంచుల షాపాయన వచ్చి చూస్తాడు. ఇంకో మిషను వేసే చోటుంటే ఏడాది పొడుగునా పని నాకే. లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. ఆ గదొక్కటి ఇప్పించు.”

“సంచుల కోసం చరిత్రని బయట పారేయమంటావా?” గది లోంచి గర్జించాడు బావ.

“చరిత్రంట! దుమ్ము దులిపితే తుమ్ము తప్ప ఏం రాలదు,” అని అక్క నడవలోకి పోయి ధన్‌మని తలుపేసుకుంది.

బావ గొంతు సవరించుకున్నాడు. ఈ గదిని శాశ్వతంగా మ్యూజియం చేద్దామని ఆయన తీర్మానం. దానికి ముందు రాజావారి ఆఖరి ప్రయాణాన్ని టేపులో వినాలట. గదిలోని ప్లగ్గులన్నీ లాంతర్ల బీరువా వెనక సమాధయ్యాయి కాబట్టి, టేపు వైరు తలుపు కిందుగా నడవలోకి పాకింది. బావ కళ్లు మూసుకుని బటన్ నొక్కాడు. అందరూ కళ్లు మూసుకున్నారు.

ధడ్ ధడ్ ధడ్ ధడ్... నేల అదిరింది.

“ఆహా! ఎత్తు ఎక్కుతున్నారు రాజావారు!” అన్నాడు మందుల షాపాయన.

“ఎడమ సిలిండర్ కాస్త నీరసంగా ఉంది, గమనించారా?” అన్నాడు లెక్కల మాస్టారు.

“సున్నపురాయి లోడండీ. సిమెంటైతే ఇంత మూలగదు,” అన్నాడు బావ.

చప్పుడు ఆగింది.

“స్టేషన్! నీళ్లు పడుతున్నారు,” అని ఎవరో ముక్కు చీదారు. మళ్లీ ధడ్ ధడ్ మొదలైంది. నేను కళ్లు తెరిచే ఉన్నాను. టేపు మీద ఎర్రదీపం వెలగలేదు, లోపల చక్రం కదల్లేదు. అయినా, అంత బాగా పరిగెడుతున్న బండికి నేనెందుకు ఎర్రజెండా ఊపాలి?

“ఈ గదే మ్యూజియం! ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు బావ. చప్పుడు ఆగింది. చేతులన్నీ లేచాయి. అదే సమయానికి అక్క కత్తెర కోసం తలుపు తీసింది.

“ఏంటి, అందరూ చేతులెత్తేశారు?”

“ష్! రాజావారు స్టేషన్లో ఉన్నారు.”

అక్క టేపు వంక చూసింది. “ఇంకా పెట్టనే లేదా? అయ్యో, నడవలో ఆ వైరు మీదా? మిషను పెట్టుకోవాలని పీకేశానే!”

ఒక్క చెయ్యీ దిగలేదు.

“మరి... ఆ ఎత్తు?” అన్నాడు బావ, నీరుగారిపోయి.

“ఎత్తేంటండీ? సంచి అడుగున రెండు మడతలేసి కుట్టాను, మిషను మూలిగింది. దారం అయిపోతే ఆపి మార్చాను. బల్లకి ఒక కాలు పొట్టి, అందుకే ఎగిరెగిరి పడుతుంది.”

“ఎడమ కాలేనా అమ్మా?” అడిగాడు మాస్టారు ఆశగా.

“ఎడమదే.”

“చెప్పానా!” అని మాస్టారు చుట్టూ చూశాడు. ఎవరూ మెచ్చుకోలేదు.

అక్క నవ్వు ఆపుకుంది. “మీకు కావలసింది ఆ చప్పుడే కదా? చేతులెలాగూ ఎత్తారు, అవే చేతులతో ఈ పట్టాలు కూడా ఎత్తి పెరట్లో పెట్టండి. మిషన్లు ఇక్కడ వేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రందాకా రాజావారు నడుస్తూనే ఉంటారు. మెట్లమీద కూర్చుని వినండి.”

బావ సభ్యుల వంక చూశాడు. సభ్యులు నేల చూపులు చూశారు. మొదట దుంగ మీద చెయ్యి వేసింది మందుల షాపాయన. ఆఖర్న, వేరే దారి లేక, బావ.

గది ఖాళీ అయ్యాక అక్క జాలిపడి తన మిషను వైరు తీసి టేపు వైరు పెట్టింది. ఈసారి నిజంగానే ఎర్రదీపం వెలిగింది, చక్రం తిరిగింది. ఏడుగురూ పెరటి గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించారు. కాసేపు విని మాస్టారు పెదవి విరిచాడు.

“ఇదేం రికార్డింగండీ? అచ్చం కుట్టుమిషన్లా ఉంది!”

“మాస్టారూ,” అన్నాను, అందరికీ వినపడేలా, “ఇప్పుడు నడుస్తున్నదే అసలు రాజావారు!”