ఇరవై ఒకటో రౌండు

నాకు గడియారం పడదు. గోడ మీద ఉన్నదానితో పేచీ లేదు, చేతికి కట్టుకుని పరిగెత్తితేనే పడదు. తొమ్మిదేళ్ల క్రితం మేమిద్దరం మొదటిసారి ఎండాకాలపు పన్నెండు గంటల పరుగుకి వెళ్లాం. నిమిషానికోసారి మణికట్టు చూసుకుంటూ, వెనకబడ్డానేమోనని కంగారుపడుతూ, పదకొండయ్యేసరికి నేను రోడ్డు పక్కన కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మా ఆయనది ఇంకో కథ. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని భీష్మించుకుని, ఒంట్లో ఉప్పంతా చెమటలో పోగొట్టుకుని, పిక్కలు పట్టేసి, కళ్లు తిరిగి పడిపోయాడు. ఇద్దరినీ తీసుకెళ్లి ఒకే టెంటులో పక్కపక్క మంచాల మీద పడేశారు. పెళ్లయ్యాక మేం అంతలా నవ్వుకున్నది ఆ రోజే.

ఆ మంచాల మీదే ఒప్పందం కుదిరింది. టైము చూసే పని ఆయనది, తాగడానికి కలిపే పని నాది. ఆయన ఎంత టైము ఉందంటే అంతే ఉన్నట్టు. నేనేం కలిపిస్తే అదే తాగాలి, ఎందుకని అడక్కూడదు.

నిమ్మరసం, చక్కెర, కొలిచిన ఉప్పు. ఆయన సీసాల మెడకి నీలం దారం, నా సీసాలకి పసుపు దారం కట్టేదాన్ని. కుట్టుపని చేసేదాన్ని కదా, ఇంట్లో దారాలకి కరువు లేదు. పరుగు రోజున రౌండ్లు లెక్కరాసే బల్ల దగ్గర పెద్ద గడియారం ఉంటుంది. దాని ముందుకు రాగానే టోపీ కళ్ల మీదికి లాక్కుని తల దించుకునేదాన్ని. తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. "గంతలు కట్టిన గుర్రం వస్తోంది, తప్పుకోండి!" అని అరిచేవాళ్లు. నాకు అదీ సరదాగానే ఉండేది. కళ్లు మూసుకుని నమ్మడానికి ఒక మనిషి ఉండడం ఎంత సుఖమో వాళ్లకేం తెలుసు అనుకునేదాన్ని.

మా అత్తగారికి మాత్రం ఈ గోల నచ్చదు. "నీడలో కూర్చోడానికి ఇల్లు కట్టుకున్నారు, ఎండలో పరిగెత్తడానికి ఫారాలు నింపుకుంటున్నారు. మొగుడూ పెళ్లాలకి ఒకేసారి మతిపోవడం మా ఇంట్లోనే చూశాను" అంటుంది. అంటూనే పరుగు ముందురోజు మా బూట్లు ఎండలో పెడుతుంది.

పరుగు పద్ధతి ఇదీ. స్టేడియం గేటు దగ్గర మొదలై, నాలుగు కిలోమీటర్లు తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. పొద్దున్న అయిదు నుంచి సాయంత్రం అయిదు దాకా ఎన్ని రౌండ్లు తిరిగితే అన్ని. సగం రౌండుకి లెక్క లేదు. ఒకే పరుగులో ఇరవై ఒక్క రౌండ్లు పూర్తిచేసిన వాళ్లకే కొండల్లో జరిగే ముప్పై గంటల పరుగులో చోటు దొరుకుతుంది. ఆ కొండ దారి పటం నా కుట్టుమిషను ఎదురుగా గోడకి అంటించి ఉంటుంది. చేతులు అంచులు మడుస్తుంటే కళ్లు ఆ దారి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.

మా ఆయనకి మోకాలి నొప్పి. పది పన్నెండు రౌండ్లు నా పక్కనే పరిగెత్తి, ఆ తర్వాత బల్ల పక్కన మా టెంటులో కూర్చుని, నేను వచ్చినప్పుడల్లా టైము చెబుతాడు. నేను వరసగా రెండు ఎండాకాలాలు ఇరవై దగ్గరే ఆగిపోయాను. రెండుసార్లూ ఒక్క రౌండే తక్కువ. నాకు నలభై ఆరు నిండాయి. ఏడాదికేడాది రౌండుకి కొన్ని సెకన్ల చొప్పున నా కాళ్లు బరువెక్కుతున్నాయి. ఈ ఏడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఈ వేసవి మొదటి పరుగులో ఇరవయ్యో రౌండు ముగించి వచ్చేసరికి ఆయన ఎదురొచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఇరవై రెండు నిమిషాలే ఉంది. నీకు రౌండుకి ముప్పై రెండు పడుతోంది. ఇక చాలమ్మా, ఆగిపో" అన్నాడు.

ఆగిపోయాను. టెంటులో పడుకోబెట్టి, తడి తువ్వాలు నా కళ్ల మీద కప్పి, అరికాళ్లు ఒత్తుతూ కూర్చున్నాడు. నేను తువ్వాలు కింద ఏడుస్తుంటే, "వచ్చే నెల ఇంకోటి ఉందిగా" అని ఓదార్చాడు. ముగింపు కూత వినబడేదాకా నా పాదాలు వదల్లేదు. ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని, ఆ ఏడుపులోనే కాస్త గర్వపడ్డాను కూడా. ఇప్పుడది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం లెక్కల టీచరుగారు నా షాపుకొచ్చింది. షాపంటే మా ఇంటి ముందుగదే. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పరుగుల్లో బల్ల దగ్గర కూర్చుని రౌండ్లు రాస్తుంది. రౌండ్లు లెక్కపెట్టడానికి మా కాళ్లకి కట్టే చిప్పుల్ని నమ్మకుండా, తన నోటుబుక్కులో అందరి పేర్లూ టైములూ విడిగా రాసుకుంటుంది. పాత కోటు చేతులు కుదించమని తెచ్చింది. నేను టేపు వేసి కొలుస్తుంటే అడిగింది.

"ఆ రోజు ఒంట్లో బాగాలేకపోయిందా?"

"బాగానే ఉందండీ. టైమే చాల్లేదు."

"చాలకపోవడమేమిటి? ముప్పై నాలుగు నిమిషాలు చేతిలో పెట్టుకుని పడుకున్నావు. నీ రౌండు ముప్పై రెండు. నేను కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నా, లేస్తావేమోనని."

"ఇరవై రెండండీ" అన్నాను.

ఆవిడ సంచిలోంచి నోటుబుక్కు తీసి, వేలితో గీత మీద చూపించింది. ఇరవయ్యో రౌండు, నాలుగు గంటల ఇరవై ఆరు నిమిషాలు. అయిదింటికి ముగింపు. ముప్పై నాలుగు తెలుసుకోడానికి లెక్కల టీచరు అక్కర్లేదు.

"పోయిన ఏడుదీ ఉందాండీ ఇందులో?" అన్నాను.

ఉంది. అంతకు ముందు ఏడుదీ ఉంది. ఒకసారి ముప్పై అయిదు నిమిషాలు మిగిలాయి, ఇంకోసారి ముప్పై ఆరు. మూడుసార్లూ తడి తువ్వాలు. మూడుసార్లూ అరికాళ్లు. ఆ కోటు చెయ్యి ఒకటి పొడవు, ఒకటి పొట్టి కుట్టాను ఆ రోజు. ఇరవై ఏళ్లలో అలా కుట్టడం అదే మొదలు.

ఆయన మందుల షాపు నుంచి సాయంత్రం ఆరింటికి వచ్చాడు. నిమ్మకు నీరెత్తినట్టు చెప్పులు విప్పుకుని, మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అత్తగారు పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నేను చుట్టూ తిప్పి మాట్లాడలేదు.

"ఆ రోజు ముప్పై నాలుగు నిమిషాలుంటే ఇరవై రెండని ఎందుకు చెప్పారు?"

తప్పు చూశానని గానీ, గడియారం పాడైందని గానీ అంటాడేమోనని ఎదురుచూశాను. ఏదో ఒకటి అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అనలేదు.

"మూడేళ్లా?" అన్నాను.

"కొండ పరుగుకి నేను రాలేను" అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "ఈ మోకాలితో నేను జన్మలో ఇరవై ఒకటి తిరగలేను. నువ్వు వెళ్తావు. వెళ్లి అలవాటుపడతావు. తర్వాత ఇక్కడ నా పక్కన పది రౌండ్లు తిరగడం నీ కళ్లకి ఆనుతుందా? మన సరదా అంతా కలిసి పరిగెత్తడమే కదా. అదొక్కటే ఉంది మనకి."

"కలిసి పరిగెత్తడం అంటే నా కాళ్లు కట్టేయడమా? నువ్వు రాలేకపోతే రాలేనని చెప్పు. నన్ను వెళ్లొద్దని అడుగు. మానేసేదాన్నేమో కూడా! అడక్కుండా, నా కళ్లకి తువ్వాలు కప్పి..."

పదిహేడేళ్ల కాపురంలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. నాలుక కరుచుకోలేదు.

అత్తగారు బఠాణీల పళ్లెం పక్కన పెట్టింది. "చిన్నప్పుడూ ఇంతేనే వీడు. ఎవరైనా ముందుకెళ్తే ఆట ఆపేసి, బంతి పట్టుకుని ఇంటికొచ్చేసేవాడు" అంది. ఆ తర్వాత కొడుకుతో, "బంతి ఇచ్చెయ్ రా" అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పది రోజులూ అవసరమైన మాటలే. వేసవి చివరి పరుగుకి ఇద్దరి పేర్లూ అప్పటికే ఇచ్చేశాం. "వస్తావా?" అని అడిగాను. "వస్తాను" అన్నాడు. నేను బజారుకెళ్లి చేతి గడియారం కొనుక్కుని, వారం రోజులు దాన్ని కట్టుకుని పరిగెత్తడం నేర్చుకున్నాను. మొదటి రెండు రోజులు పాత భయమే వచ్చింది. మూడో రోజు నుంచి భయం కన్నా కోపం పెద్దదైంది.

పరుగు రోజు పొద్దున్న ఎప్పటిలాగే వంటింట్లో ఎనిమిది సీసాలు వరసగా పెట్టాను. నాలుగు పసుపు దారాలు, నాలుగు నీలం దారాలు. నావి కలిపేశాను. ఆయన సీసాల దగ్గర నా చెయ్యి ఉప్పు డబ్బా మీద ఆగింది. వెయ్యకపోతే రుచికి తెలియదు. నిమ్మ, చక్కెర ఉంటే చాలు, మనిషి నమ్మి తాగేస్తాడు. ఎండ ముదిరేసరికి పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. నన్ను మూడేళ్లు పడుకోబెట్టాడు, ఒక్క మధ్యాహ్నం ఆయన పడుకుంటే ఏం పోయిందని అనిపించింది. అనిపించలేదని అబద్ధం చెప్పను.

వేశాను. నాలుగింటిలోనూ కొలిచి మరీ వేశాను. ఆయన అబద్ధం చెప్పాడని నా ఉప్పు అబద్ధం కావడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ రోజు ఎండ ఎండలా లేదు, ఎవరి మీదో కక్ష గట్టినట్టుంది. ఆయన పదకొండు రౌండ్లు తిరిగాడు. పక్కపక్కనే పరిగెత్తినా, ఎవరి ఊపిరి వాళ్లదే. తర్వాత టెంటులో కూర్చున్నాడు. నేను వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడి టైము అరిచాడు. ప్రతిసారీ నిజమే చెప్పాడు, నా గడియారంతో సరిపోయింది. టోపీ వెనక్కి తిప్పి, పెద్ద గడియారాన్ని కూడా కళ్లారా చూసుకుంటూ వెళ్లాను. ఈసారి గుర్రం అని ఎవరూ అనలేదు.

ఇరవయ్యో రౌండు ముగించి వచ్చేసరికి గొంతు చించుకుని అరిచాడు. "ముప్పై మూడున్నర! ముప్పై మూడున్నర ఉంది, వెళ్లిపో!"

నా గడియారమూ అదే చెప్పింది. నా ఆఖరి సీసా కోసం టెంటులోకి వంగాను. మంచు పెట్టెలో పసుపు దారపు సీసా ఒకటి ఉంది. దాని పక్కన నీలం దారాలవి నాలుగు ఉన్నాయి. నాలుగూ నిండుగా, పొద్దున్న నేను బిగించిన మూతలు బిగించినట్టే ఉన్నాయి.

కుర్చీ కింద ఆయన షాపులో అమ్మే, నీళ్లలో కలుపుకు తాగే ఉప్పు పొట్లాల ఖాళీ కవర్లు, కాగితం కప్పులు పడి ఉన్నాయి.

పన్నెండు గంటల పరుగులో నా చేతి చుక్క ఒక్కటి తాగలేదు.

కాసేపు నాకు పరుగు గుర్తులేదు. మూడేళ్ల మోసం తెలిసిన రోజు కడుపు మండింది గానీ, ఇలా లోపల ఏదీ తెగలేదు. నేను ఆయనలాంటి దాన్నే అనుకున్నాడు. తాను చేసిన పనే నేనూ చేస్తానని లెక్కగట్టి, ముందురోజే పొట్లాలు సర్దుకున్నాడు.

"టైము పోతోంది!" అంటున్నాడు. ఆయన మొహం చూశాను. పొట్లాలు నా కంట్లో పడ్డాయని తెలిసిపోయింది.

నీలం దారం సీసా ఒకటి తీసి, మూత తిప్పి, ఆయన ఎదురుగానే సగం గటగటా తాగాను. మిగతా సగం ఆయన చేతిలో పెట్టాను.

"ఉప్పు సరిగ్గానే ఉంది" అన్నాను. పరిగెత్తాను.

ఆ రౌండు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏడుస్తూ పరిగెత్తితే ఊపిరి అందదు కాబట్టి ఏడుపు ఆపుకున్నాను. గేటులోకి వచ్చేసరికి ఇంకా నలభై సెకన్లున్నాయి. లెక్కల టీచరుగారు బల్ల మీద కొట్టి లేచి నిలబడింది. తోటివాళ్లు చుట్టూ మూగారు. వాళ్ల వెనకాల ఆయన సీసా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇచ్చిన సగం అలాగే ఉంది.

టీచరుగారు కొండ పరుగు ఫారం అక్కడికక్కడే తీసింది. నా పేరు, వయసు, రౌండ్లు రాసింది. కలం ఎత్తి అడిగింది.

"వెంట ఉండేవాళ్ల పేరు రాయాలి. కొండ మీద నీకు తాగడానికి అందించి, టైము చెప్పే మనిషి. మీ ఆయనేగా?"

అందరూ ఆయనకి దారి ఇచ్చారు. ఆయన ఒక్క అడుగు ముందుకి వేసి ఆగాడు.

"ఎవరూ లేరండీ. ఆ గడి ఖాళీగా ఉంచండి" అన్నాను.

అప్పుడు ఆయన సీసా ఎత్తి, ఊపిరి తీసుకోకుండా, గడ్డం మీదా చొక్కా మీదా కారుతున్నా ఆపకుండా, ఆఖరి చుక్క దాకా తాగాడు. తాగి, ఖాళీ సీసా నాకు కనబడేలా పట్టుకున్నాడు. టీచరుగారు కలం పట్టుకుని నా వంక చూసింది. నేను ఫారం మీద సంతకం చేసి ఇచ్చేశాను.