పోలయ్య తుడిచిన ఆకులు

కాళ్లకు తాడు బంధం బిగించుకుని చిన్నపోలయ్య సగం చెట్టు ఎక్కేశాడు. నడుముకు కట్టుకున్న సంచిలో కొబ్బరాకు ముక్కలు. పైకి వెళ్లి వాటిని మట్టలకు దారంతో కట్టి దిగాలి. ఇదేం పనో అతనికి బొత్తిగా అంతుపట్టలేదు.

తోటపల్లి గూడూరు పక్కనున్న ఆ తోటకు తెల్లదోమ పట్టి రెండేళ్లయింది. ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పోలయ్య చెట్టు చెట్టూ ఎక్కి, చంటిబిడ్డకు నీళ్లు పోసినట్టు సబ్బునీళ్లతో కడిగాడు. దోమ పోలేదు. విసుగెత్తిన తోట యజమాని జయరామయ్య, ఈ పని కూడా ఫలించకపోతే చెట్లు కొట్టించి రొయ్యల గుంట తవ్విస్తానన్నాడు. పోలయ్యకు చెట్టెక్కడం తప్ప ఇంకో పని రాదు. గుంటలో ఏం ఎక్కుతాడు, పాపం?

ఆ ముక్కలు తెచ్చిచ్చిన వ్యవసాయ శాఖ అమ్మాయి వినీల మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. పోలయ్య చెట్టు కింద కూర్చుని ఒక్కో ముక్కనూ తువ్వాలుతో శుభ్రంగా తుడుస్తున్నాడు.

"తాతా! తుడస్తా ఉండావా?"

"ఈటికి గూడా దోమ పట్టుండాదమ్మా. మురికిని పైకెట్ట తీసకపోయేది? పొద్దన్నించీ తుడిచే కట్టినా."

వినీల నెత్తి పట్టుకుంది. అతను తుడిచేస్తున్న, ముక్కల మీది నల్లచుక్కల్లోనే కందిరీగలున్నాయని, కంటికి ఆననంత చిన్నవని, తెల్లదోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపేస్తాయని నిదానంగా చెప్పింది.

"దోమలోనే పుట్టి దోమనే తింటాదా?"

"అవును తాతా."

"మరి దోమ మనకు పగోడా, చుట్టమా?"

పోలయ్యకు తలే తిరిగిపోయింది. తన శుభ్రతే చెట్ల ప్రాణం తీస్తుందేమోనని దిగులు పట్టుకుంది. సంచి అడుగున తుడవనివి కొన్ని మిగిలాయి. రేపు కొత్తవి తెస్తానని ఆమె ఎంత చెప్పినా వినకుండా మళ్లీ బంధం వేసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆఖరి చెట్టు దిగి, మొదలుకు ఆనుకుని కూర్చున్నాడు.

"అయి వస్తాయంటావా పాపా?"

వస్తాయని చెప్పి వినీల నీళ్లు తేబోయింది. తిరిగొచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. నిద్ర అనుకుంది. పిలిచింది. భుజం పట్టి కదిపాక తెలిసింది.

కొన్నాళ్లకు, పొక్లెయిన్‌ను రప్పించేముందు ఒకసారి చూసిపొమ్మని జయరామయ్య ఆమెకు కబురు పెట్టాడు. కాయలు దించే వెంకటేష్ పోలయ్య ఆఖరిగా ఎక్కిన చెట్టెక్కి, అతను కట్టిన ముక్కను మట్ట ఈనెతో సహా కోసి తెచ్చాడు. వినీల దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. చుక్కల్ని తొలుచుకుని కందిరీగలు ఎప్పుడో బయటికొచ్చి తోటలోకి ఎగిరిపోయాయి. జయరామయ్య పొక్లెయిన్ వాడికి ఫోన్ చేసి వద్దన్నాడు.

నల్లచుక్కల నిండా సన్నటి గుండ్రటి రంధ్రాలతో, ఎండి వంకర తిరిగిన ఆ మురికి ముక్కకు దారం ముడి ఇంకా బిగుతుగానే ఉంది.