నడవా చివరి గది

పొద్దున్నే మంచినీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా, పుస్తకాలు సంచిలో సర్దుకుని కోడలు యూనివర్సిటీకి బయలుదేరుతుంది. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ, "ఇంకా అవలేదా?" అంటుంది. "అవుతోందండీ," అంటుంది కోడలు. బస్సు దిగి, సివిల్ ఇంజనీరింగ్ విభాగం మెట్లెక్కి, నిన్న సాయంత్రం ఆపిన చోటు నుంచి మళ్ళీ నడక మొదలుపెడుతుంది.

ఆ నడవా చివర పరీక్ష గది ఉంది. పరిశోధన చేయాలనుకున్నవాళ్ళు ఆ గదిలో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు కూర్చుని, తాము ఏం చేయబోతున్నారో చెప్పి ఒప్పించాలి. ఒప్పిస్తేనే డాక్టరేట్‌కు అభ్యర్థులు. అప్పటిదాకా ఉత్త విద్యార్థులే. గదిలో పట్టేది ఒక పూటే, గది దాకా వెళ్ళడమే ఆలస్యం. టీ పట్టుకెళ్ళే అతనికి, గుమాస్తాకి అది నాలుగు అంగల నడవా. విద్యార్థులకు మాత్రం ఎవరి పొడవు వారిది. ఒకబ్బాయి ఉదయం బయలుదేరి భోజనాల వేళకు చేరాడు. ఇంకొకాయన పెళ్ళికి ముందు బయలుదేరి, కూతుర్ని బళ్ళో వేశాక చేరాడు. దీని గురించి విభాగంలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. గోడ వారగా బెంచీలు, మధ్యమధ్య మంచినీళ్ళ కుళాయిలు పెట్టించారు, అంతే.

కోడలు తీసుకున్న విషయం పాత ఇళ్ళ గోడల్లో పగుళ్ళు. కొన్ని కొంతదూరం పాకి ఎందుకు ఆగిపోతాయి, కొన్ని గోడ కూలేదాకా ఎందుకు ఆగవు. తలుపు కనబడేంత దగ్గరికి ఆమె చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, వాళ్ళు అడగబోయే ప్రశ్న ఏదో ఒకటి తోచేది. జవాబు తెలియదనిపించి, వెనక్కి తిరిగి లైబ్రరీకి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి నడవా ఇంకాస్త సాగి ఉండేది. గైడుగారు మంచివారే. కాకపోతే ఎప్పుడు కలిసినా, "అది కూడా ఒకసారి చూసెయ్యండమ్మా, పనైపోతుంది," అంటారు.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. "అడ్డంగా నడిచే లిఫ్టు ఒకటి తయారుచేసి మీ నడవాలో బిగించనా?" అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. ఆమె నవ్వలేదు. శుక్రవారం సాయంత్రంలోగా గదిలో అడుగుపెట్టకపోతే పేరు కొట్టేస్తామని ఆ రోజే విభాగంలో చెప్పేశారు.

"కొట్టేస్తే ఏమవుతుంది?" అంది అత్తగారు.

"ఏమీ అవదత్తయ్యా. ఇన్నాళ్ళూ చదివింది నీళ్ళపాలవుతుంది, అంతే."

శుక్రవారం ఆమె ఏమీ తినకుండా, డబ్బా కూడా మరిచి వెళ్ళిపోయింది. అత్తగారు మోకాళ్ళ నొప్పితోనే డబ్బా పట్టుకుని బస్సెక్కింది. ఆవిడకు పరీక్షేమీ లేదు కాబట్టి కోడల్ని ఇట్టే అందుకుంది. కోడలు బెంచీ మీద, ఒళ్ళో పుస్తకం తెరిచి, వచ్చిన దారి వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"ఇంత దూరం ఎందుకొచ్చారత్తయ్యా?"

"నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా? తిను ముందు."

తిన్నాక కోడలు లేచింది. "ఒక్క పుస్తకం చూసుకుని వస్తాను. రండి, మిమ్మల్ని మెట్ల దాకా దింపుతాను."

"ఆ మెట్లెక్కేసరికే నా పని అయిపోయింది. నడవా ఆ చివర లిఫ్టుందట, గుమాస్తా చెప్పాడు. అటు తీసుకెళ్ళు."

చెయ్యి అందించాలంటే పుస్తకాలు సంచిలో పడెయ్యక తప్పలేదు. ఇద్దరూ మెల్లగా నడిచారు.

"ఇన్నాళ్ళూ ఏం చదువుతున్నావో ఒక్కసారైనా చెప్పావా?"

"మీకు విసుగొస్తుంది."

"వస్తే ఆపమంటాను. నోరు లేదా నాకు?"

కోడలు చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీది బరువు కిందికి ఎలా దిగుతుందో, సున్నం ఆ బరువుకి ఎలా సర్దుకుంటుందో, సిమెంటు ఎందుకు సర్దుకోదో. అత్తగారు మధ్యలో అడ్డొచ్చింది. "మన వంటింటి గోడ పగులు కిటికీ దాకా వచ్చి ఆగిపోయిందే, అదెందుకు?"

ఇలాంటి ప్రశ్న తగిలినప్పుడే ఆమె వెనక్కి తిరిగేది. ఇప్పుడూ కాలు ఆగింది. కానీ అత్తగారు తన బరువంతా ఆమె మీదే వేసి, తర్వాతి అడుగు వేసేసింది. చెయ్యి వదిలితే పడిపోతుంది.

"తెలీదత్తయ్యా," అంది కోడలు, తనూ అడుగు వేస్తూ. "ఎవరికీ సరిగా తెలీదు. ఎలా తెలుసుకోవచ్చో మాత్రం నాకు తెలుసు."

"ఎలా?"

చెప్పింది. గోడ మీద ఎక్కడెక్కడ కొలవాలో, వానల్లో ఏం చూడాలో, ఎండల్లో ఏం చూడాలో చెబుతూ ఉండగానే అత్తగారి చెయ్యి ఒక తలుపు పిడికి తగిలింది.

"ఇదేనా లిఫ్టు?"

తలుపు తెరుచుకుంది. లోపల ముగ్గురు ప్రొఫెసర్లు. వాళ్ళలో పెద్దాయన కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. చెబుతున్నారుగా, అక్కణ్ణుంచే కానివ్వండి."

అత్తగారు బయట బెంచీ మీద కూలబడింది. లోపలి నుంచి కోడలి గొంతు మొదట సన్నగా, తర్వాత మామూలుగా వినిపించింది. ఒకసారి "తెలీదండీ" అనడం, ఎవరో నవ్వడం విని ఆవిడ తలుపు వైపు జరిగి కూర్చుంది. కిటికీలోంచి ఎండ వెళ్ళిపోయే వేళకు పెద్దాయన తలుపు తీసి, "మీ అమ్మాయి ఇక పరిశోధన మొదలుపెట్టుకోవచ్చు," అన్నాడు.

"కోడలండీ," అని దిద్ది, ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

చేతినిండా పుస్తకాలతో నడవాలో ఆగి ఉన్న ఒక అమ్మాయి ఇదంతా చూసి దగ్గరికొచ్చింది. "ఎంతకాలం పట్టిందండీ ఆవిడకి?"



"మాట్లాడుకుంటూ వచ్చాం, చూసుకోలేదమ్మా," అంది అత్తగారు. తర్వాత బెంచీ మీద కాస్త పక్కకు జరిగి, "ఇంతకీ నువ్వేం చదువుతున్నావు?" అని అడిగింది.