నలభై నాలుగో చెక్క

సంచిలోంచి గుప్పెడు బిళ్ళలు తీసి బల్ల మీద పోశాడు ఈనాక్ ఓర్మరాడ్. సిపాయిల మెడల్లోంచి కోసుకొచ్చిన ఎర్ర బిళ్ళలు. కొన్నిటి తాళ్ళకి ఇంకా మాంసం అంటుకుని ఉంది. ఒక్కోదాన్నీ డబ్బాలో నీళ్ళలో ముంచి, బొటనవేలితో రుద్ది, పేరు చదివి, ఆ మనిషి కాగితం వెతికి, "యుద్ధంలో మరణించెను" అని గుండ్రంగా రాస్తున్నాడు. పొద్దున్న ఆరింటి నుంచీ అదే పని. జూలై ఎండకి చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

అది కాల్డర్‌ఫోల్డ్ అనే ఇంగ్లీషు ఊరి పటాలం. ఒకే ఊరివాళ్ళు, ఒకే నేతమిల్లు వాళ్ళు, ఎగేసుకుంటూ కలిసి పేర్లిచ్చి వచ్చారు. ఆ రోజు టౌన్‌హాల్లో కూర్చుని ఒక్కొక్కడి ఎత్తు, ఛాతీ, కళ్ళ రంగు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నది ఈనాకే. మిల్లులో తానులకు చీటీలు రాసిన చెయ్యి, అక్షరం ముత్యమే. అందుకే ఫ్రాన్స్ వచ్చినా తుపాకీ పట్టే పని తప్పింది.

శనివారం పొద్దున దాడికి వెళ్ళిన వాళ్ళలో సగం మంది ముళ్ళకంచె కూడా దాటలేదు. మరతుపాకులు వరి కోసినట్టు కోసేశాయి. "మరణించెను" అని రాయాలంటే చేతిలో బిళ్ళ ఉండాలి. లేకపోతే "జాడ లేదు" అని రాయాలి. ఆ మాట చదివిన తల్లి బతికినన్నాళ్ళూ వీధి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుంది. ఈనాక్‌కి ఆ మాటంటే ఒళ్ళు మంట. అందుకే క్షతగాత్రుల్ని మోసే సేత్‌కి గట్టిగా చెప్పాడు, శవం కనిపిస్తే చాలు, బిళ్ళా జేబులో కాగితాలూ తెచ్చెయ్యమని. సేత్ ఒక్కర్నీ వదల్లేదు. తొమ్మిదింటికి ఈనాక్ తమ్ముడు విల్ఫ్ బిళ్ళ వచ్చింది. దాన్నీ కడిగాడు, రాశాడు. అక్షరం చెదరలేదు. తన మీద తనకే అసహ్యమేసింది.

మధ్యాహ్నం వేరే పటాలం సార్జెంటు ఒకడు వచ్చాడు. ప్యూ అని, వేల్స్ బొగ్గుగనుల మనిషి. శవాలు పూడ్చే పని వాడిది.

"ఏమయ్యా గుమస్తా, మీవాళ్ళు నలభై ముగ్గుర్ని వరసగా పడుకోబెట్టాం. ఒక్కడి మెడలో తాడు లేదు, జేబులో చీటీ ముక్క లేదు. ఏ దొంగ నాయాలు కోసుకుపోయాడో! నాలుగింటికి గోతిలో పెట్టేస్తున్నాం. పేర్లు లేవు, నన్నేం చెయ్యమంటావ్?"

ఈనాక్ బల్ల మీది బిళ్ళల కుప్ప వైపు చూశాడు. మెడకి ఉండేది ఒక్కటే బిళ్ళ. కాగితానికి పేరొస్తే మనిషికి పేరు పోతుంది. ఇంత చిన్న సంగతి రెండేళ్ళుగా రాస్తున్నవాడి బుర్రకి తట్టలేదు. ఆ దొంగ నాయాలు తనే.

"వస్తున్నా. నువ్వు పద," అన్నాడు.

సార్జెంటు కాస్త దూరం వెళ్ళాక, ఇంకో సంచీ బిళ్ళలు తెచ్చిన సేత్ ఈనాక్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీకేం పోయేకాలం రా ఈనాక్? అక్కడింకా గుళ్ళు పడుతున్నాయి. సగం మందికి మొహాలే లేవు, ఏం చూసి పోలుస్తావ్?"

"మొహాలతో నాకేం పని? వాళ్ళ ఒళ్ళు నేను రాసుకున్నా. మా అమ్మ ఎప్పటికైనా అడుగుద్దిరా, విల్ఫ్ ఎక్కడున్నాడని. గోతిలో కలిపేశామని చెప్పనా?"

బిస్కెట్ల పెట్టెలు పగలగొట్టి చెక్కలు చంకన పెట్టుకుని వెళ్ళాడు. మూడు రోజుల ఎండకి శవాలు ఉబ్బి, నల్లబడి, గుండీలు తెగిపోయి ఉన్నాయి. మొదటివాడి పొట్ట ఈగలతో కదులుతోంది. చొక్కా చింపి చూశాడు. మోచేతి మీద లంగరు పచ్చబొట్టు. వాడు టెడ్ గ్రిమ్‌షా. రెండోవాడి తల ముళ్ళకంచె మీదే ఉండిపోయింది. కానీ ఎడమ చిటికెనవేలు మగ్గం తినేసింది, అబెల్ రిష్టన్. తడిస్తే చెరగని ఊదారంగు దిగే పెన్సిల్‌ని నాలుక మీద అద్ది పేర్లు రాస్తూ, ఒక్కో చెక్కా ఒక్కో గుండె మీద పెడుతూ పోయాడు. పెదాలు ఊదారంగుకి తిరిగాయి. రెండుసార్లు వాంతి చేసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఎంత చూసినా గుర్తు దొరకని ఐదుగురికి "కాల్డర్‌ఫోల్డ్ వాడు" అనైనా రాశాడు.

తమ్ముడి గుర్తు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజు టౌన్‌హాల్లో "గుర్తులు: లేవు" అని రాస్తుంటే విల్ఫ్ పగలబడి నవ్వాడు. "రాయన్నయ్యా! చెక్కజోడు విసిరి తలకాయ పగలగొట్టింది మా అన్నే అని రాయి!" చిన్నప్పటి గొడవ అది. మెట్ల మీంచి పడ్డానని విల్ఫ్ చేత అమ్మకి అబద్ధం చెప్పించాడు ఈనాక్. ఆ సిగ్గుతోనే రాయలేదు.

ఇప్పుడు ఒక్కో తలా పక్కకి తిప్పి చెవుల వెనక తడుముతున్నాడు. చర్మం చేతికి ఊడి వస్తోంది. వరసలో ఆఖరివాడి కుడి చెవి వెనక, నెత్తురు గడ్డ కింద, వేలికి ఆ పాతదెబ్బ గాడి తగిలింది. "వచ్చేశాన్రా," అన్నాడు. ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే పేరంతా రాశాడు, "విల్ఫ్రెడ్ ఓర్మరాడ్" అని, ఎప్పుడూ రాసినంత గుండ్రంగా.

నాలుగింటికి ఇంకా పావుగంట ఉంది. ఫిరంగి గుండ్లు మళ్ళీ మొదలైతే ప్యూ మనుషులు కందకంలోకి దూకారు. ఒకటి దూరంగానే పడింది. గోరంత ఇనప ముక్క వచ్చి ఈనాక్ మెడ వెనక దిగింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తమ్ముడి పక్కకి ఒరిగాడు.

గాయపడ్డవాళ్ళ కోసం అటు తిరుగుతున్న సేతే ముందు చూశాడు. పాక్కుంటూ వచ్చాడు, నాడి చూశాడు, బూతులు తిట్టాడు. ఓర్మరాడ్ ఇంటి తల్లికి ఒక్క కొడుకు విషయంలోనూ "జాడ లేదు" అని వెళ్ళకూడదు, వాడి బుర్రలో ఉన్నది అదొక్కటే. కత్తి తీసి ఈనాక్ మెడలో తాడు కోశాడు. బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని గుళ్ళ మధ్య నుంచి వెనక్కి పరిగెత్తాడు.

గుళ్ళు ఆగాక ప్యూ వచ్చి శవం మెడ తడిమాడు. తాడు లేదు, కోటు లేదు, కాగితాలు లేవు. "అయ్యో, మన గుమస్తా! వీడి పేరేంట్రా?" అని తన మనుషుల్ని అడిగాడు. ఎవరికీ తెలీదు. ఆ వరస పక్కనే పూడ్చి, పేరు రేపు కనుక్కుందాంలే అనుకున్నారు. ఆ సాయంత్రమే వాళ్ళ పటాలాన్ని ముందుకి తోలేశారు.

వరసగా పాతిన నలభై మూడు చెక్కల మీదా ఊదారంగు అక్షరాలున్నాయి. ఆ పక్కనే పాతిన నలభై నాలుగో చెక్క మీద మాత్రం రెండు మేకుల బొక్కలున్నాయి, అంతే.