మూల మలుపు కాపలా

నా కూతురు పడిపోతుందేమోనన్నదే నాకున్న అన్నిటికంటే పెద్ద భయం. కుర్చీ మీంచి, మెట్ల మీంచి, ఆఖరికి చాప మీంచి కూడా. చాప మీంచి ఎవరైనా పడతారా అని మా ఆయన నవ్వుతాడు. పడే రాత ఉంటే చాపైనా చాలు. దానికి నాలుగేళ్ళు. నిలిచిన చోట నిలవదని ఇంట్లో అందరం బొంగరం అంటాం. ఆ బొంగరానికి తాడును నేను.

మొన్న దాన్ని తీసుకుని మా మేనమామను చూడటానికి వెళ్ళాను. ఆయనకు కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుంది. కొట్టు వెనక గది నిండా ఒకటే బల్ల. నా చిన్నతనమంతా ఆ బల్ల మీదే గిరగిరా తిరిగింది.

బల్ల మీద మెలికలు తిరిగే దారి, దారిలో రెండు గాడులు, ఒక్కో గాడికి అటూ ఇటూ సన్నటి రాగి పట్టీలు. అరచేతిలో పట్టేంత కారు. దాని ముక్కు కింద ఉన్న పుల్లను గాడిలో దించి, చేతిలో మీట నొక్కితే పట్టీల నుంచి కరెంటు అందుకుని కారు జుయ్యిమని పరుగెడుతుంది. వాటిని స్లాట్ కార్లంటారని తర్వాతెప్పుడో తెలిసింది. మాకు మాత్రం గాడికార్లే. మీట నొక్కడం ఎవరైనా నొక్కుతారు, మలుపు దగ్గర వదలడం తెలియాలి. వదలకపోయావా, కారు గాడి తప్పి గాల్లోకి లేచేది.

మామయ్య ఎంత పనివాడో అంత తొందరమనిషి. బల్లను గదిలోనే కూర్చుని కట్టేశాడు. తీరా కట్టాక చూస్తే అది గుమ్మంలోంచి బయటికి రాదు, గోడ నుంచి పక్కకు జరగదు. కార్లన్నీ ఎగిరిపడే గడుసు మలుపేమో వెళ్ళివెళ్ళి అవతలి మూలన పడింది. బల్లకూ గోడకూ మధ్య ఉన్న సందులో పిల్లి పట్టాలి, లేదా నేను పట్టాలి. అలా నాకు ఉద్యోగం దొరికింది. సందులో దూరి, మూలన బోర్లించిన బకెట్టు ఎక్కి నిలబడి, పడిన కార్లను మళ్ళీ గాడిలో పెట్టాలి. మీటల దగ్గర మామయ్య, అన్నయ్య.

"మూలా, నాది పెట్టు!"

"ముందు నాదే, మూలా!"

నా పేరే మూల అయిపోయింది. కళ్ళు మూసుకుని, చప్పుడును బట్టి ఏ కారు ఎగరబోతోందో చెప్పేదాన్ని. ఏడో తరగతిలో బడి మాన్పించినా ఆ ఉద్యోగం మాత్రం ఊడలేదు. నేను కాస్త ఒళ్ళు చేశాకే ఊడింది. ఒకనాడు సందులో సగం దూరి అక్కడే ఆగిపోయాను. నా బదులు మామయ్య దూరితే, ఆయన్ని మిషన్ నూనె పోసి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత అన్నయ్య పనిలో పడ్డాడు, నాకు పెళ్ళయింది, పందేలు ఆగిపోయాయి.

మొన్న వెళ్ళేసరికి బల్ల మీద రంపం ఉంది.

"ఏంటి మామయ్యా ఇది?"

"కోసి అరలు కొట్టిస్తానే. మిషన్లు పెట్టుకోడానికి చోటు లేదు."

"ఇన్నాళ్ళూ ఉన్న చోటు ఇప్పుడెక్కడికి పోయింది?"

"మూలలో మనిషి లేనప్పుడు బల్లెందుకు? నీకా, సందు పట్టదు. నాకా, పట్టినా బయటికి రాను."

"పట్టదని అంత గట్టిగా చెప్పాలా?"

నవ్వాడు గాని, చూపు కార్ల మీదే ఉంది. ఎర్రదీ నీలందీ, రెండూ తళతళా తుడిచి, ఇరుసులకు నూనె వేసి ఉన్నాయి. కోసెయ్యబోయే బల్ల మీది కార్లకు నూనె వేసే మనిషిని ఏమనాలి?

అంతలో చూసుకుంటే నా చెయ్యి ఖాళీగా ఉంది.

"బొంగరం! ఎక్కడున్నావే?"

"ఇక్కడ!"

బల్ల అవతలి మూలన ముందు జుట్టు, తర్వాత రెండు కళ్ళు పైకి లేచాయి. ఆ పాత బకెట్టు ఇంకా అక్కడే ఉందన్నమాట.

"దిగు! ముందు దిగు! మామయ్యా, అది పడిపోతుంది!"

సందులోకి దూరబోయాను. భుజం ఒక్కటే వెళ్ళింది.

"నువ్వూ ఇరుక్కుంటే లాగడం నా వల్ల కాదు" అంటూ మామయ్య నా చేతిలో మీట పెట్టాడు. "నొక్కు. పనుంటే నిలబడుతుంది. పని లేకపోతేనే గెంతుతుంది. నిన్ను నిలబెట్టింది అలాగేగా?"

"నేను పడలేదా అప్పుడు?"

"పడ్డావు, లేచావు. ఎన్నిసార్లో నీకే గుర్తులేదు."

నిజమే, గుర్తులేదు. కార్లు పడటమే గుర్తుంది.

నొక్కాను. ఎర్రకారు ఒకసారి దగ్గి, గుక్క తిప్పుకుని, జుయ్యిమంది. ఆ చప్పుడుకు నా అరికాళ్ళలో ఏదో గిలిగింత. పక్కన మామయ్య నీలం కారు వదిలాడు. మూలన ఒకటే కేరింత.

"తాతయ్యా, నీ కారు గోడెక్కింది!"

"ఎక్కితే దింపవే! కూలి కింద రెండు బిస్కెట్లు!"

"పుల్ల గాడిలోకి రావాలమ్మా, చూసుకో" అన్నాను.

"నాకు తెలుసులే!"

కార్లు మూడోసారి మలుపు చేరాయో లేదో, ధబ్బుమంది. బకెట్టు దొర్లింది. జుట్టు లేదు, కళ్ళు లేవు. నా వేలు మీట మీదే బిగుసుకుపోయింది. నా కారు నిప్పులా దూసుకెళ్ళి, మలుపులో లేచి, ఆ మూలలోకే పడింది.

బకెట్టు సర్దుతున్న చప్పుడు. తర్వాత బల్ల అంచు మీదికి ఎర్రకారు పట్టుకున్న చిన్న చెయ్యి లేచింది.

"అమ్మా, నీదీ పడింది! మలుపులో వదలాలిగా!"

మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకు మీట నేర్పలేకపోయాను గాని, దానికి మూల నేర్పక్కర్లేదే. ఇకనుంచి మూల అది. నువ్వు మాజీ మూలవి."

టీలు చల్లారాయి. కొట్టు ముందు ఎవరో మిషన్ తెచ్చి పిలిచి పిలిచి వెళ్ళిపోయారు. ఓడినప్పుడల్లా నేను గాడిని తిట్టాను, మామయ్య కరెంటును తిట్టాడు. బయల్దేరేటప్పుడు చూస్తే రంపం గోడ మేకుకు వేలాడుతోంది. బొంగరం మోచెయ్యి గీరుకుపోయింది. మందు రాస్తుంటే, అది ఎలా తగిలిందో తనకు గుర్తులేదంది.

సెలవులకు మళ్ళీ వెళ్తాం. ఈలోగా నిన్న ఫోను చేస్తే అవతల జుయ్యిమని చప్పుడు.

"ఒక్కడివే ఆడుతున్నావా మామయ్యా? పడితే ఎవరు తీస్తారు?"

"నేనే దూరి తీస్తా. తిండి తగ్గించానులే."

అదే నా కొత్త దిగులు. మీ వీధిలో కుట్టుమిషన్ల కొట్టు ఉండి, వెనక గదిలోంచి జుయ్యిమని వినిపిస్తుంటే ఆయన బాగున్నట్టే. ఆ చప్పుడు ఆగి, ఎంతకీ మళ్ళీ మొదలవకపోతే మాత్రం, దయచేసి ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. నూనె డబ్బా గుమ్మం పక్క అరలోనే ఉంటుంది.